కుస్తనపు పట్టు – యాత్రికుల చూపు

యాత్రాగ్రంథములను వినోదమునకై చదువుట మనకు అలవాటైనది. దూరదేశపు వార్త గదా యని, వ్రాసినవారు చెప్పినదెల్ల మనము నమ్ముదుము. అక్కడివారు మన భాష చదువరు గనుక వ్రాసినవారిని ప్రశ్నించువారును లేరు. కావ్యము చేతికి వచ్చినప్పుడు గుణదోషములను నిర్దాక్షిణ్యముగ నెంచు విమర్శకులు కూడ, యాత్రాగ్రంథము వచ్చినప్పుడు శైలి మృదువుగ నున్నది, వర్ణనము కన్నులకు గట్టినట్లున్నది అని నాలుగు మాటలు చెప్పి యూరకుందురు. ఇది సరికాదని మా యభిప్రాయము. కావ్యము కల్పితనాయకుని గూర్చినది; యాత్రాగ్రంథము బ్రదికియున్న మనుష్యులను గూర్చినది. మొదటిదానిలోని దోషమువలన రసభంగము మాత్రమే కలుగును. రెండవదానిలోని దోషమువలన ఒక జనసమూహమునకు అన్యాయము జరుగును. కావున ఈ రెండవజాతి గ్రంథములను మఱింత నిశితముగ పరిశీలింపవలసియున్నది.

ఈ పరిశీలనమునకు ఒక్క పట్టణమును తీసికొందము. చైనాదేశపు పడమటి కొసను, తక్లమకాను ఎడారికి దక్షిణపుటంచున, ఖోటాను అను పట్టణము కలదు. దీనిని హ్యూన్‌త్సాంగు కుస్తనమని పేర్కొనెను. భూమియే స్తనమై యొక రాజశిశువునకు పాలిచ్చెననెడి కథతో ఆ పేరునకు అర్థము చెప్పెను. నామవ్యుత్పత్తిగా ఈ కథ నిలువకపోవచ్చును గాని, ఆ యూరి స్థితికి మాత్రము చక్కగ సరిపోవుచున్నది. చుట్టును ఇసుక, వానలు లేవన్నంత స్వల్పము. దక్షిణమున కున్‌లున్ పర్వతములపై మంచు కరగి, యురుంగ్‌కాష్, కరాకాష్ అను రెండు ఏఱులుగ దిగివచ్చును. మొదటి పేరునకు తెల్ల జేడురాయి యనియు, రెండవదానికి నల్ల జేడురాయి యనియు అర్థము. ఆ ఏటినీరు కాలువలలో పాఱినంత మేర పచ్చని తోటలు, పొలములు, ఊళ్లు. కాలువ ఆగినచోట ఇసుక. అట్టి నేలలో కాలువపూడిక తీయువాని పార రాజు ఖడ్గముకంటె విలువగలది.

ఆ తోటలలో ముఖ్యమైనది కంబళిచెట్టు. దాని యాకు పట్టుపురుగునకు మేత. పండు మనుష్యునకు ఆహారము. లేతకొమ్మల బెరడు కాగితమునకు ముడిసరకు. చేవగల కఱ్ఱ దుతార్ అను తంత్రీవాద్యమునకు పనికివచ్చును. ఒక్క చెట్టును నమ్ముకొని పట్టు తీయువారు, నేయువారు, కాగితము చేయువారు, వాద్యములు చెక్కువారు బ్రదికిరి. ఎడారి నడుమ నింతటి హస్తకళాసంపద యెట్లు నిలిచినదని ఆశ్చర్యపడువారు మొదట ఆ చెట్టును, ఆ చెట్టును బ్రదికించిన కాలువను చూడవలెను. చూచినవారెందఱు? ఇదియే మా ప్రశ్న.

ఖోటానును గూర్చి వ్రాసిన యాత్రికులలో ఫాహియాను మిక్కిలి ప్రాచీనుడు. క్రీ.శ. 399లో చాంగాన్ నగరమునుండి బయలుదేరి, ఖోటాను చేరి, అక్కడి రథోత్సవమును చూచుటకై మూడు నెలలు నిలిచెను. గోమతీవిహారమును, అందలి మూడువేలమంది భిక్షువులను, పదునాలుగు మహావిహారములను వర్ణించెను. ముప్పది మూరల యెత్తుగల రథమును, దానిపై సప్తరత్నముల యలంకారమును, కిరీటము తీసి పాదచారియై యెదురువచ్చిన రాజును మన కన్నులయెదుట నిలిపెను. ఎనుబదియేండ్లు, ముగ్గురు రాజుల కాలములో, కట్టిన యొక విహారమునుగూర్చియు చెప్పెను. ఎనుబదియేండ్లనగా వడ్రంగులు, శిల్పులు, పోతపనివారు మూడు తరములు చేసిన కష్టము. గ్రంథములో రాజులు ముగ్గురును లెక్కకు వచ్చిరి. పనివారి తరములు లెక్కకు రాలేదు. ఫాహియాను వినయసూత్రములను వెదకుచు బయలుదేరిన భిక్షువు. వెదకినదానిని నమ్మకముగ వ్రాసెను. అతనిని దూషింపము. కాని యాత్రికుడు దేనికై వెడలునో దానినే చూచునను న్యాయమునకు అతడు మొదటి యుదాహరణము.

హ్యూన్‌త్సాంగు క్రీ.శ. 644 ప్రాంతమున, భారతదేశమునుండి తిరిగిపోవుచు, ఈ పట్టణమున కొన్ని నెలలు నిలిచెను. అతని చూపు మఱికొంత విశాలము. ఇక్కడ రత్నకంబళములు, సన్నని గొంగళ్లు, వడికిన పట్టు తయారగుననియు, తెల్లని జేడును నల్లని జేడును దొరకుననియు, లిపి భారతీయలిపిని అనుసరించినదనియు వ్రాసెను. వీనితోపాటు పట్టుపురుగు ఖోటానునకు వచ్చిన కథను చెప్పెను. తూర్పుదేశపు ప్రభువు పట్టుపురుగు గ్రుడ్లు ఎల్ల దాటకుండ కావలి పెట్టెను. కుస్తనరాజు ఆ ప్రభువు కుమార్తెను వివాహమాడ గోరి, దూతచేత ఆమెకు ‘మా దేశమున పట్టు లేదు, నీకు పట్టువస్త్రములు కావలెనన్నచో విత్తనము నీవే తెచ్చుకొనవలెను’ అని కబురంపెను. ఆమె కంబళిచెట్టు విత్తనములను, పురుగు గ్రుడ్లను శిరోవేష్టనములో దాచుకొని వచ్చెను. ఎల్లకాపరులు సామానంతయు వెదకిరి గాని రాజకుమార్తె తలపాగను ముట్టజాలకపోయిరి. పిమ్మట ఆమె, చిలుకలు గూడు విడిచి యెగిరిపోవువఱకు పురుగులను చంపరాదని శిలాశాసనము వేయించెనట.

ఈ కథలో మన విమర్శకులు మెచ్చుకొన్నది రాజకుమార్తె చాతుర్యము. మాకు మఱియొక సంగతి ముఖ్యముగ తోచుచున్నది. చిలుక బయటకు వచ్చిన గూడునుండి అఖండమైన పోగు రాదు. తునుకలను దూదివలె ఏకి వడుకవలెను. హ్యూన్‌త్సాంగు ‘వడికిన పట్టు’ అని వ్రాయుట యాదృచ్ఛికము కాదు. రాణి యొక్క శాసనముచేత పుణ్యము ఆమెకు దక్కినది. అదనపు వడుకుపని చేసినది చేతులు మాత్రము వేఱు. మన హైదరాబాదులో ఇటీవలికాలమున కుసుమ రాజయ్యగారు ‘అహింసాపట్టు’ అను పేర ఇట్టి యత్నమునే చేసినారు. ధర్మము ప్రకటించుట సులభమనియు, దానిని పోగులోనికి తెచ్చుటకు పనితనము, ఓరిమి, ఖర్చు కావలెననియు ఆ యత్నమునుబట్టి తెలియుచున్నది.

ఈ కథకు చిత్రరూపమైన సాక్ష్యమొకటి దొరికినది. 1900లో సర్ ఆరెల్ స్టైన్ ఇసుకలో మునిగిన దండాన్ ఊయిలిక్ శిథిలములలో ఒక వర్ణచిత్రఫలకమును కనుగొనెను. అది నేడు లండనులోని బ్రిటిష్ మ్యూజియమున నున్నది. నడుమ నెత్తైన శిరోభూషణముతో రాణి. ఒక పరిచారిక ఆ శిరోభూషణమువైపు చేయి చాపి చూపుచున్నది. ముందు బుట్టలో పట్టుగూళ్లు. నాలుగుచేతుల దేవత యొకడు ఆసీనుడై యున్నాడు. పట్టుపనికి అధిదేవత యని పండితుల యూహ. కుడివైపున మగ్గముతో, నేతసాధనము చేతబూనిన మఱియొక స్త్రీ. ఈ ఫలకమును గూర్చిన వ్యాఖ్యలలో పరిచారిక వ్రేలు చూపినవైపునకే అందఱును చూచిరి. కుడివైపు స్త్రీని గూర్చి ఒక మాట చెప్పి ముగించిరి. చిత్రకారుడు మాత్రము ఆమెను విడువలేదు. రాణియు, దేవతయు, నేతగత్తెయు ఒకే పలకమీద, ఒకే వరుసలో కూర్చుండిరి. ఇంతమంది యాత్రికులు వ్రాయని వాక్యమును ఆ పేరులేని చిత్రకారుడు రంగులలో వ్రాసెను.

పదుమూడవ శతాబ్దిలో మార్కోపోలో ఈ దారిని పోయెను. అప్పటికి అక్కడివారు మహమ్మదీయమతస్థులైరి. ప్రత్తి, అవిసె, జనుము, ధాన్యము, ద్రాక్షతోటలు కలవనియు, జనులు వర్తకముచేతను చేతిపనులచేతను జీవించుదురనియు, వారు యుద్ధవీరులు కారనియు అతడు కొద్దిపాటి వాక్యములలో తేల్చివేసెను. వర్తకుని కొడుకు సరకుల పట్టీ వ్రాసెను. ఆ పట్టీ మనకుపయోగకరమే. అయినను ‘వీరులు కారు’ అను మాటలో నొక తక్కువచూపు వినబడుచున్నది. మగ్గముమీద బ్రదుకువానికి వీరత్వము లేదనుట ఆ యాత్రికుడొక్కని యభిప్రాయము కాదు. మన పురాణశ్రోతల యభిప్రాయము కూడ నదియే.

ఇక ఆధునికులలో స్టైన్ పండితుడు అగ్రగణ్యుడు. 1900, 1901 సంవత్సరములలో అతడు చేసిన మొదటి యాత్రను ‘ఇసుకలో మునిగిన ఖోటాను శిథిలములు’ అను అర్థముగల పేరుతో 1903లో ఆంగ్లమున ప్రకటించెను. సంస్కృతము చదివినవారెల్లరును అతనికి ఋణపడియున్నారు. నియా శిథిలములలో ఖరోష్ఠీలిపిలో, గాంధారప్రాకృతమున వ్రాసిన కఱ్ఱపలకలు వందలకొలది అతనివలననే వెలువడినవి. పన్నులు, తగవులు, ఒంటెలు, నీటిహక్కులు, కంబళములు – ఇవి వానిలోని విషయములు. పాలిగ్రంథములలో ఉన్నికంబళమునకు వాడిన ‘కోజవ’ అను మాట ఆ పలకలలోను కనబడుచున్నది. రాజుల వంశావళులకంటె ఈ చిల్లరలెక్కలవలననే ఎడారియూళ్ల బ్రదుకు మనకు ఎక్కువగ తెలియుచున్నది.

అట్టి గ్రంథములో, మా చూపునకు, పేరుతోను మాటతోను పనితనముతోను నిండుగ నిలిచిన ఖోటాను పనివాడు ఎవ్వడు? నేతగాడు కాడు, కంబళములు నేయువాడు కాడు, జేడు చెక్కువాడు కాడు. ఇస్లాం ఆఖున్ అను కూటలేఖకుడు! అతని చరిత్రకు స్టైన్ ఒక ప్రకరణమంతయు వినియోగించెను. ఆ కథ మన విషయమునకు మిక్కిలి కావలసినది.

1890 తరువాత మధ్యాసియా ప్రాచీనపత్రములకు గొప్ప గిరాకి యేర్పడెను. కూచా ప్రాంతమున దొరకిన సంస్కృతవైద్యగ్రంథము, ఖోటాను సమీపమున దొరకిన భూర్జపత్రధర్మపదము పండితలోకమును కదలించినవి. కాష్గరులో బ్రిటిష్ ప్రతినిధి మెకార్ట్నీ, రష్యా రాయబారి పెట్రోవ్‌స్కీ పోటీపడి కొనుచుండిరి. ఇస్లాం ఆఖున్ ఈ గిరాకిని గ్రహించెను. మొదట నిజమైన తునుకలలోని బ్రాహ్మీలిపిని చూచి చేతితో అనుకరించెను. కొనువారికి ఆ లిపి చదువరాదని తెలిసిన వెనుక, తోచిన యక్షరములను తానే కల్పించెను. చేతివ్రాత ఆలస్యమగుచున్నదని కఱ్ఱయచ్చులు చెక్కించి ముద్రింప నారంభించెను. ఖోటానులోనే చేసిన క్రొత్త కాగితమును తీసికొని, తొగ్రుగు చెట్టు జిగురునీటిలో తడిపి వన్నె మార్చి, పొయ్యిమీద వ్రేలాడదీసి పొగచూరనిచ్చి, పుటలనడుమ ఎడారి యిసుక చల్లి, అతడు ప్రాచీనగ్రంథములను తయారుచేసెను. కలకత్తాలోనున్న హోర్న్లే పండితుడు, బోవరు లిఖితప్రతిని పరిష్కరించిన మహావిద్వాంసుడు, ఈ ‘అజ్ఞాతలిపుల’ను వర్గములుగ విభజించి 1899లో నివేదిక ప్రకటించెను. 1901 ఏప్రిలులో స్టైన్ ఖోటానున ఇస్లాం ఆఖున్‌ను రప్పించి ప్రశ్నింపగా గుట్టు బయలుపడెను.

ఈ కథను చదివినవారు మోసగానిని నిందింతురు, లేదా పండితుని జూచి నవ్వుదురు. రెండును సులభమైన పనులే. మోసము మోసమే, దానిని మేము సమర్థింపము. కాని కారణము విచారింపవలదా? ఆ కాగితమును తెల్లగా, క్రొత్తగా, నిజాయితీగా అంగడిలో పెట్టినవానికి నాలుగు రాగికాసులు దొరకును. దానినే పొగచూరచేసి, చదువరాని గీతలు గీసి, పాతదని చెప్పినవానికి వెండి దొరకెను. దూరమునుండి వచ్చిన కొనుగోలుదారు పనితనమునకు వెల కట్టలేదు. ప్రాచీనతకు, రహస్యమునకు వెల కట్టెను. ఏది కొనెదమో అదియే తయారగును. ఇస్లాం ఆఖున్ తన యంగడికి వచ్చినవారి కోరికను యథాతథముగ నెఱవేర్చిన పనివాడు. స్టైన్ కూడ అతని తెలివిని, హాస్యచతురతను గుర్తింపక పోలేదు. ఆ కాగితమును నిజముగ చేసినవాడు మాత్రము ఈ కథలో తెరవెనుకనే యుండిపోయెను.

ఆ కాగితపుపని యెట్టిదో ఇక్కడ చెప్పవలెను. కంబళికొమ్మల బెరడును నానబెట్టి, పై నల్లతోలు గీకివేసి, లోపలి తెల్లనారను బూడిదనీటిలో గంటలకొద్ది ఉడికింతురు. మెత్తబడినదానిని రాతిమీద పెట్టి కఱ్ఱసుత్తితో మోదుదురు. ఆ ముద్దను నీటిలో కలిపి, సన్నని బట్ట బిగించిన కఱ్ఱచట్రమును నీటిపై నుంచి దానిలో పోసి, చిలుకుచు సమముగ పఱచి, చట్రముతోనే యెండలో నిలువబెట్టుదురు. ఆరినపిమ్మట ఆకు ఊడివచ్చును. మోదుట కొఱతయైనచో కాగితము ముద్దలు కట్టును. చిలుకుట సరికానిచో ఒకప్రక్క దళసరి, ఒకప్రక్క పలుచన. ఇది గ్రంథపఠనముచేత రాదు, మణికట్టునకు పట్టుపడవలెను.

అత్లాసు పట్టుపని ఇంతకంటె క్లిష్టము. అత్లాసు అనునది అరబ్బీమాట; నునుపైనదని యర్థము. కాగుచున్న నీటిలో పట్టుగూళ్లు వేసి, పుల్లతో కలియబెట్టి, కొసలు పట్టి, పెక్కు పోగులను కలిపి పెద్ద చక్రమునకు చుట్టుదురు. పడుగును బారుగ సాచి, దానిపై చిత్తరువు గీచి, రంగు పట్టగూడనిచోట్ల బిగువుగ కట్టి, ఒక్కొక్క రంగునకు ఒక్కొక్కసారి విప్పి మఱల కట్టుచు అద్దుదురు. మగ్గమునకెక్కునప్పటికి చిత్తరువు పోగులలోనే యుండును. పోగులు కొంచెము జరుగుటచేత అంచులు మబ్బువలె కరగినట్లు కనబడును. అందుచేతనే మధ్యాసియాలో ఈ కట్టుపనికి ‘మబ్బు కట్టుట’ అని యర్థమిచ్చు పేరు వచ్చినది. పోచంపల్లి, పుట్టపాక, చీరాల ప్రాంతములవారికి ఈ పద్ధతి క్రొత్తది కాదు. మన ‘చిటికి’ పని దీనికి తోబుట్టువు.

కంబళముల సంగతి మఱియు విచారింపదగినది. ఖోటానున నేసిన కంబళములు సమర్కందుమీదుగ పడమటి అంగళ్లకు చేరెను గనుక, ఐరోపా వర్తకులు వానికి ‘సమర్కందు కంబళములు’ అని పేరుపెట్టిరి. నేసినవాని పేరు పోవుట సర్వసాధారణము. ఇక్కడ నేసిన ఊరి పేరు కూడ పోయెను. ఆ దారులకే ‘పట్టుమార్గము’ అను పేరును 1877లో రిఖ్తోఫెన్ అను జర్మను భూగోళశాస్త్రజ్ఞుడు ప్రచారమునకు తెచ్చెను. ఆ పేరు మన పాఠ్యపుస్తకములకు కూడ ఎక్కినది. మేము పిల్లలకు ఆ పాఠము చెప్పునప్పుడు పటముమీద గీతలను చూపుదుము. గీతలకు రెండు కొసల నున్న మగ్గములను చూపుటకు పుస్తకములో పుటయే లేదు.

నేటి యాత్రావర్ణనములకు వత్తము. 2011లో కాష్గరునుండి రైలు ఖోటానునకు వచ్చెను. 2022లో ఖోటానునుండి తూర్పునకు రుచ్యాంగ్ వఱకు మార్గము పూర్తియై, ఎడారి చుట్టును రైలుదారి వలయమేర్పడెను. యాత్రికులు హెచ్చిరి. వారి రచనలలో రెండు మాటలు తఱచుగ కనబడుచున్నవి. ఒకటి, ‘ఇక్కడ కాలము ఆగిపోయినది’ అనునది. రెండవది, ‘ఈ ముసలివాడే చివరి పనివాడు’ అనునది. రెండును అసత్యములు. రసాయనపు రంగులు పందొమ్మిదవ శతాబ్ది చివరనే ఖోటాను కంబళములలోనికి వచ్చినవి. అత్లాసు చిత్తరువులు తరతరమునకు మాఱినవి. అత్లాసు చిత్తరువును యంత్రముమీద అచ్చువేసిన కృత్రిమవస్త్రము నేడు చేనేతదానికంటె చౌకగ అమ్ముడుపోవుచున్నది. కాలము ఆగలేదు, పనివానిమీదుగ నడచిపోయినది. ‘చివరివాడు’ అను మాట వ్రాసినవానికి గౌరవము తెచ్చును – చివరివానిని చూచినవాడు గదా! పనివానికి మాత్రము అది బ్రదికియుండగనే చదివిన చరమశ్లోకము.

ఇంతకంటె పెద్దదోషము మౌనము. ఖోటాను ప్రాంతమున అత్యధికసంఖ్యాకులు ఉయిగూరులు. 2017 మొదలుకొని ఆ ప్రాంతమున లెక్కకుమించిన జనులను నిర్బంధశిబిరములలో నుంచిరి. ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయము 2022 ఆగస్టు 31న ప్రకటించిన నివేదికలో, ఈ నిర్బంధములు మానవజాతిపట్ల నేరములు కావచ్చునని తీర్మానించెను. అవి వృత్తిశిక్షణాలయములనియు, తీవ్రవాదనివారణమునకై యేర్పడినవనియు చైనా ప్రభుత్వము చెప్పి, నివేదికను తిరస్కరించెను. ఖోటాను సమీపమున ఎడారిలో ఇమాం ఆసిం సమాధియొద్ద ఏటేట వసంతమున జాతర జరుగుచుండెను. జనులు ఇసుకలో నడచివచ్చి మ్రొక్కులు చెల్లించుచుండిరి. కథకులు, మల్లులు, అంగళ్లవారు కూడుచుండిరి. ఆ సమాధికట్టడములను తొలగించిన సంగతి ఉపగ్రహచిత్రములవలన 2019 నాటికి లోకమునకు తెలిసెను. ఇట్టి క్షేత్రములను ఏండ్ల తరబడి తిరిగి, జనుల నోట విని, గ్రంథస్థము చేసిన ఉయిగూరు విదుషి రాహిలె దావుత్ 2017 డిసెంబరులో అదృశ్యురాలయ్యెను. ఆమెకు యావజ్జీవకారాగారశిక్ష పడినదని 2023లో వెల్లడియయ్యెను.

ఇక్కడ ఒక విరోధమును గమనింపవలెను. అదే ప్రభుత్వము కంబళికాగితపు పనిని 2006లో జాతీయవారసత్వముల పట్టికలో చేర్చినది. ఉయిగూరుల మెష్రెప్ అను సమావేశోత్సవమును 2010లో యునెస్కో అత్యవసరసంరక్షణ పట్టికలో చేర్చెను. పట్టికలో కళ యున్నది. కళను గూర్చి వ్రాసిన విదుషి చెఱలో నున్నది. కాగితము చేయుట చూపుటకు ప్రదర్శనశాల యున్నది. ఆ కాగితముమీద తనకు తోచినది వ్రాయుటకు పనివానికి స్వేచ్ఛ యున్నదా యని యాత్రికుడు అడుగుటలేదు. పట్టుచిలుకను చంపరాదని శాసనము వేయించిన రాణి కథను ముచ్చటగ నుదాహరించు రచయితలు, నేటి శాసనములను గూర్చి నోరు మెదపకుండుటను ఏమనవలెను?

దీనికి సమాధానముగ కొందఱనవచ్చును: ‘యాత్రికుడు రాజకీయములు వ్రాసినచో అతనితో మాటలాడిన పనివానికే యాపద వచ్చును, మౌనము దయ కూడ కావచ్చును.’ ఈ మాటలో బలమున్నది. పనివాని పేరు, ఊరు, ముఖము బయలుపెట్టి తాను సురక్షితముగ ఇంటికి తిరిగివచ్చు రచయితకంటె, మౌనముగ నున్నవాడే మేలు. కాని మౌనమునకును అబద్ధమునకును భేదమున్నది. చెప్పరానిదానిని చెప్పకుండుట మౌనము. అంతయు ఆనందముగ నున్నదని వ్రాయుట అబద్ధము. ప్రదర్శనశాలలో చిఱునవ్వుతో నిలిచిన వ్యక్తిని చూచి ‘వీరు సంతుష్టులు’ అని తీర్పు చెప్పు యాత్రికుడు మొదటిదానిని దాటి రెండవదానిలో పడినాడు. చూచినంతవఱకు చూచితినని, తనతో ఎవరు వెంట నడచిరో, ఎవరు దుబాసీగ నుండిరో వ్రాసిన చాలును. చదువరి మిగిలినది గ్రహించుకొనును. స్టైన్ ఇస్లాం ఆఖున్ మాటలను ఎట్లు పరీక్షించెనో చదువరికి చెప్పెను గనుకనే అతని నిర్ణయమును మనము నమ్ముచున్నాము. ఆ నియమము పనివారిని గూర్చిన వ్రాతకును వర్తించును.

దూరదేశపు రచయితలను విమర్శించుట మనకు ఖర్చులేని పని. మన యింటి సంగతి కూడ చూడవలెను. 2021లో ప్రపంచపర్యాటకసంస్థ పోచంపల్లిని ఉత్తమపర్యాటకగ్రామములలో నొకటిగ నెన్నుకొనెను. మనమందఱము సంతోషించితిమి. ఆ తరువాత వచ్చిన తెలుగు వ్యాసములను చదువుడు: రంగులు ఇంద్రధనుస్సులట, మగ్గపు చప్పుడు సంగీతమట, నేతగాడు ఋషియట! పుట్టపాక తేలియా రుమాలును గూర్చి వ్రాయువారు నూనెతోను ఆముదపుకాయల బూడిదతోను నూలును దినములతరబడి పదును చేయుటను వింతగ వర్ణింతురు. ఆ దినములకు కూలి యెంతయో వ్రాయరు. ఖోటానును చూచిన పరదేశి చేసిన దోషమునే మనము పొరుగూరిని చూచి చేయుచున్నాము. పరదేశికి భాష రాదనెడి మిష యైన నున్నది. మనకు అదియు లేదు.

ఈ దోషమునకు విరుగుడుగ ఒక్క దృష్టాంతము చెప్పెదము. పోచంపల్లి పద్ధతిలో పట్టుచీర నేయుటకు ముందు, చిటికి కట్టవలసిన పోగును ‘ఆసు’ అను చట్రముపై పోయవలెను. ఒకచీరకు చేయి వేలకొలది సారులు ఇటునటు పోవలెను. ఆ పని తఱచుగ స్త్రీలదే. చింతకింది మల్లేశముగారి తల్లి ఆసు పోసి పోసి భుజపునొప్పితో బాధపడుచుండెను. చదువు మధ్యలో నాగిన ఆ కుమారుడు ఏండ్లకొలది యత్నించి, 1999లో ఆసుయంత్రమును నిర్మించెను. దానికి తల్లి పేరే, లక్ష్మి యని, పెట్టెను. 2017లో పద్మశ్రీ వచ్చెను. వేలమంది యాత్రికులు ఆ చీరల రంగును చూచిరి. ఆ భుజమును చూచినది కుమారుడొక్కడు. చీరను చూచినవారు వర్ణనములు వ్రాసిరి. భుజమును చూచినవాడు యంత్రము కట్టెను.

పనివారిని గూర్చిన రచనను తూచుటకు ఇంతకంటె మంచి తక్కెడ మాకు దొరకలేదు. అందులో వస్తువు మాత్రమే యున్నదా, చేసిన దేహము కూడ నున్నదా? వెల చెప్పబడినచోట అందులో పనివాని వాటా చెప్పబడినదా? పనివాడు తన నోటితో ఒక్క వాక్యమైన పలికినాడా, లేక రచయితయే అతనికి మాటలు పెట్టినాడా? పలుకుటకు అతనికి వీలున్నదా లేదా యన్న సంగతి మనకు తెలియనిచ్చెనా? ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానములు లేని యాత్రాగ్రంథము ఎంత మధురముగ నున్నను, అది పొగచూరబెట్టిన కాగితమువంటిదే. చూచుటకు ప్రాచీనము, చదువబోయిన అక్షరములు లేవు.

మన విశ్వవిద్యాలయములు, గ్రంథాలయములు యాత్రాసాహిత్యమునకు బహుమతులిచ్చునప్పుడు ఈ ప్రశ్నలను నియమములుగ చేర్చిన బాగుండును. మన పాఠశాలలలో పట్టుమార్గము పాఠము చెప్పు ఉపాధ్యాయులు పటముమీద గీత గీచిన పిమ్మట, తరగతిలోనున్న నేతవారి పిల్లను లేపి, ఆసు పోయుట ఎట్లో నల్లబల్లయొద్ద చెప్పించిన ఇంకను బాగుండును. ఆ దినమున ఆ పిల్ల ఉపాధ్యాయుని స్థానమున నిలుచును, తక్కినవారు వినుదురు. దండాన్ ఊయిలిక్ చిత్రకారుడు రాణిప్రక్కనే నేతగత్తెను కూర్చుండబెట్టి పదమూడు వందల యేండ్లు దాటినది. మన తరగతిగదిలో ఆమెకు పీట వేయుటకు ఇంక జాగేల?